గోడ తీసేది ఒక్క పూట, మోత మార్చేది నెలన్నర

మా పెద్దక్క వాళ్ల ఇల్లు కర్నూలులో కేసీ కెనాల్‌కు రెండు వీధులు ఇవతల ఉంది. 1996లో కట్టిన ఇల్లు. కింద సెల్లార్, దాని మీద ఒక అంతస్తు, అంతే. పిల్లర్లు లేవు. అప్పట్లో ఆ వీధిలో అందరూ గోడల మీదనే స్లాబు పోసుకున్నారు. సెల్లార్ మధ్యలో పద్దెనిమిది అడుగుల పొడవు అడ్డగోడ, దానికి అటొక పదడుగుల గది, ఇటొక పదడుగుల గది. అక్క కూతురు మగ్గం వర్కు నేర్చుకుని, నలుగురు ఆడపిల్లలను పెట్టుకుని బ్లౌజులు చేయిస్తోంది. పెళ్లిళ్ల కాలంలో ఆర్డర్లు మీద పడేసరికి నన్ను పట్టుకుంది. "మామా, ఆ గోడ తీసేస్తే ఆరు మగ్గాలు పడతాయి. ఎప్పుడు తీస్తావు?" మా బావ ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైనాడు. ఆయన లెక్క ఇంకా సులువు. "ఇద్దరు కూలీలు, రెండు సమ్మెటలు. ఆదివారం పొద్దున మొదలుపెడితే అన్నం వేళకు అయిపోతాది కదప్పా."

ఆయన చెప్పింది తప్పేం కాదు. గోడ పగలగొట్టేకి ఒక్క పూట చాలు. ఆ గోడ నెత్తిన ఉన్న మోతను పక్కకు దించేకి మాత్రం మాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో ఏం చేసినామో, ఏది ముందు, ఏది వెనక, ఎందుకో రాస్తున్నాను. నేను డిప్లొమా సివిల్ చదివి ముప్పై ఏళ్లుగా ఇదే ఊర్లో ఇళ్లు కట్టిస్తున్నాను. మా నాయన బేతంచర్ల బండలు పరిచే మేస్త్రి. ఇది చదివి మీరే సమ్మెట పట్టుకోమని కాదు. మీ ఇంట్లో ఎవరైనా మేస్త్రి "ఆదివారం తీసేద్దాం" అంటే అతన్ని ఏమేం అడగాలో తెలియాలని రాస్తున్నాను.

ఆ గోడ మోస్తోందా, ఊరికే నిలబడిందా

తొమ్మిది అంగుళాల గోడ అయితే మోసేది, నాలుగున్నర అంగుళాలదైతే అడ్డం కోసం పెట్టుకున్నది అని అందరూ అంటారు. నేనూ అట్లే నమ్మి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన ఇంట్లో షట్టరు పెట్టేకి నాలుగున్నర అంగుళాల గోడ నాలుగడుగుల మేర తీయించినాను. మరుసటి రోజు పొద్దునకు పై గదిలో నేల మీద, సరిగ్గా ఆ గోడ వారనే, ఈ చివర నుంచి ఆ చివర దాకా పగులు. స్లాబు పోసేటప్పుడు ఆ సన్న గోడ అప్పటికే లేచి ఉందట, దాని మీదనే పోసేసినారు. పదేళ్లుగా అది మోస్తూనే ఉంది. ఆ రాత్రి స్లాబు కింద జాకీలు (మర తిప్పితే పొడవు సాగే ఇనుప ఊతలు) పెట్టుకుంటూ నేర్చుకున్నదేమంటే, గోడ మందం ఒక్కటే చూసి నిర్ణయం చేయకూడదు.

మూడు సంగతులు చూడాలి. మొదటిది, పైకి వెళ్లి ఆ గోడ నెత్తిన ఇంకో గోడ ఉందా అని కొలిచి చూడండి. కంటి అంచనా వద్దు. బయటి గోడ నుంచి టేపు పెట్టి కింద ఎంత, పైన ఎంత అని రాసుకోండి. అక్క వాళ్ల ఇంట్లో సరిగ్గా గోడ మీద గోడ ఉంది, దాని మీద మళ్లీ పై స్లాబు.

రెండోది, స్లాబులో కమ్మీలు ఎటు పోతున్నాయో చూడాలి. గది ఒక వైపు పొట్టిగా, ఒక వైపు పొడుగ్గా ఉంటే అసలు బరువు మోసే కమ్మీలు పొట్టి వైపు పరుస్తారు. పదడుగులు, పద్దెనిమిది అడుగుల గదిలో కమ్మీలు పదడుగుల వైపు పోతాయి, అంటే మధ్య గోడ మీదకే వచ్చి కూర్చుంటాయి. అనుమానం తీరేకి స్లాబు అడుగున అరచెయ్యంత మేర పైపొర మాత్రం చిన్న ఉలితో మెల్లగా రాల్చి చూసినాం. రెండు వరసల కమ్మీలు కనపడతాయి. రెండింట్లో నేల వైపు, అంటే కింద ఉన్న వరసే మోసేది. దాని పైన అడ్డంగా పోయేది పంచేది. చూసినాక ఆ తావును సిమెంటుతో మళ్లీ మూసేయాలి, లేకుంటే సెల్లార్ చెమ్మకు కమ్మీ తుప్పు పడుతుంది.

మూడోది చాలామందికి తట్టదు. రెండు గదుల మీదా ఒకే స్లాబు పోసినప్పుడు, మధ్య గోడ నెత్తిన స్లాబు పై భాగం లాగబడుతుంది, కాబట్టి అక్కడ కమ్మీ పై పొరలో ఉంటుంది. గోడ ఊరికే తీసేస్తే అదే తావు కిందికి వంగుతుంది. అప్పుడు లాగబడేది అడుగు భాగం. అక్కడ ఇనుము చాలదు. పైగా పదడుగుల స్లాబు ఇరవై అడుగులదవుతుంది. ఆనే చోట్ల మధ్య దూరం రెట్టింపైతే స్లాబును వంచే బలం నాలుగింతలవుతుంది. అయిదు అంగుళాల స్లాబుకు అంత ఓపిక యాడిది?

పాత ఊర్లో రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద బండలు పరిచిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో మోయని గోడ వెతకడం కన్నా ఇల్లు మారడం సులువు. వాటి జోలికి పోవద్దు.

మన్ను ఆపే గోడ

సెల్లార్‌కు పై అంతస్తులకు లేని తిప్పలు ఒకటి ఉంది. బయటి గోడలు పైనుంచి వచ్చే బరువు మోయడమే కాదు, పక్కనున్న మన్నును కూడా ఆపుతుంటాయి. వాటిని ఎవరూ తాకకూడదు, ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. కానీ మధ్య గోడ చివరలు రెండూ ఆ బయటి గోడలకు గుద్దుకుని ఉంటాయి. కిందపడబోయే మనిషి వీపుకు చెయ్యి అడ్డం పెట్టినట్టు, మధ్య గోడ బయటి గోడను లోపలికి పొంగకుండా ఆపుతుంటుంది. మా పక్క నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. కెనాల్‌లో నీళ్లు పారినన్నాళ్లూ అక్క సెల్లార్‌లో ఉత్తరం వైపు గోడ చెమ్మగానే ఉంటుంది. మధ్య గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా తీసేస్తే, పై స్లాబు నిలబడినా పక్క గోడ కడుపు ముందుకు తోసే ప్రమాదం ఉంది.

అందుకే మాకు లెక్క చేసిచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు మేడం రెండు వైపులా రెండేసి అడుగుల గోడ అట్లే ఉంచమనింది. పద్దెనిమిది అడుగుల్లో అటు రెండు, ఇటు రెండు పోతే పద్నాలుగు. అందులో రెండు కొసలకూ అడుగు వెడల్పు పిల్లరు. మిగిలిన పన్నెండు అడుగులు ఖాళీ. మా బావ మొహం మాడ్చినాడు. "ఇంత చేసి ఆ మొండి గోడలు ఎందుకుప్పా?" ఆ మొండి గోడలకే ఇప్పుడు దారాల కండెల అలమరలు బిగించినారు.

ఈ ఇంటికి ఇంకో చరిత్ర ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు సెల్లార్ నిండా నీళ్లే. నీళ్లు తోడినాక బురద తీసి సున్నం కొట్టుకున్నారు, అంతే. మేం సిమెంటు పూత రాల్చి చూస్తే కింది నాలుగైదు వరసల ఇటుక గోరుతో గీరితే పొడి రాలుతోంది. పాత గోడ కొసల మీదనే దూలం ఆనించాలని ఎవరైనా అంటే ఇది చూపించండి. అప్పటిదాకా బరువు పద్దెనిమిది అడుగుల పొడవునా పరుచుకుని ఉంది. రేపు అదంతా రెండు చోట్లకు చేరుతుంది. పొడి రాలే ఇటుక దాన్ని ఆపలేదు. మాకు కొత్త పిల్లర్లు, వాటికి సొంత పునాదులు తప్పలేదు.

లెక్క

ఇంజనీరు కాగితం మీద చేసిన లెక్కను ఇంటాయనకు అర్థమయ్యేటట్టు నేను బావకు ఇట్ల చెప్పినాను. అయిదు అంగుళాల స్లాబు చదరపు అడుగుకు 30 కిలోలు. దాని మీద బండలు, వాటి కింద సిమెంటు 10 కిలోలు. మనుషులు, సామాను 20 కిలోలు. మొత్తం 60. అటు గదిలో సగం, ఇటు గదిలో సగం కలిపి పదడుగుల వెడల్పు ఈ గోడ మీదికి వస్తుంది, అంటే గోడ ఒక్కో అడుగుకు 600 కిలోలు. ఒకే స్లాబు కాబట్టి మధ్య గోడ తన వాటా కన్నా పాతిక శాతం ఎక్కువే మోస్తుంది, 750 అనుకోండి. పై అంతస్తు గోడ అడుగుకు 450. దాని మీది స్లాబు, ఇదే పద్ధతిలో, మనుషుల బరువు కొంచెం తక్కువ పట్టుకుని 690. అన్నీ కలిపితే అడుగు గోడ మీద 1,890 కిలోలు. పిల్లరు మధ్య నుంచి పిల్లరు మధ్యకు పదమూడు అడుగులు. దగ్గర దగ్గర 25 టన్నులు.

బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నిండా ఎక్కిన బస్సు కన్నా ఎక్కువ కదప్పా" అన్నాడు. ఆదివారం మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ బరువుకు మేడం రాసిచ్చింది: రెండు ఐఎస్ఎంసీ 300 చానళ్లు, అంటే ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఇనుప దూలాలు, వీపుకు వీపు ఆనించి. ఒక్కోటి పద్నాలుగు అడుగులు, 150 కిలోల పైనే. ఐ-సెక్షన్ (ఐ అక్షరం ఆకారపు దూలం) కాకుండా చానల్ ఎందుకంటే, తొమ్మిది అంగుళాల గోడలో సగం నాలుగున్నర అంగుళాలు, అంటే 115 మిల్లీమీటర్లు. ఈ చానల్ రెక్క 90 మిల్లీమీటర్లు. గోడను ఒక వైపు సగం లోతే తొలిచి ఒక చానల్ పెట్టుకోవచ్చు, ఆ తర్వాత రెండో వైపు. అంతే ఎత్తు ఐ-సెక్షన్ రెక్క 140, అది సగం గోడలో పట్టదు. ఒక్కో పిల్లరు మీదికి పన్నెండున్నర టన్నులు వస్తాయి. మూడున్నర అడుగులు తవ్వితే గరుసు తగిలింది. ఆ నేల చదరపు మీటరుకు పది టన్నులు మోస్తుందని పట్టుకుని నాలుగడుగుల చదరం పునాది ఇచ్చింది.

మీ ఇంటి అంకెలు వేరే ఉంటాయి. ఇవే చానళ్లు కొనుక్కొచ్చి పెట్టుకోకండి. లెక్క చేసి సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు లేకుండా ఈ పని ముట్టకూడదు. నగరపాలక సంస్థలో టౌన్ ప్లానింగ్ వాళ్లను కూడా ముందే అడగండి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే వాళ్లకూ చెప్పి, వాళ్ల గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లను వాళ్ల ఎదుటనే ఫొటోలు తీసుకోండి. లేకుంటే పాత పగుళ్లన్నీ మీ పద్దులో పడతాయి.

జాకీలు

ముందు మరచిపోకూడని పని: చానళ్లను జాకీలు నిలబెట్టక ముందే సెల్లార్‌లోకి దించి గోడ వారగా పండబెట్టాలి. జాకీలు నిలబడినాక పద్నాలుగు అడుగుల ఇనుము మెట్ల కాడ మలుపు తిరగదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకో ఇంట్లో ఒక పూటంతా జాకీలు విప్పి మళ్లీ పెట్టి తెలుసుకున్నాను.

గోడలో ఉన్న కరెంటు తీగలు, నీళ్ల పైపులు మళ్లించి, పై గది ఖాళీ చేయించినాం. మంచాలు, బియ్యం బస్తాలు, మా అక్క పెళ్లినాటి ఇనుప బీరువా, అన్నీ వరండాలోకి. గ్యాస్ సిలిండరు బయటికి. పని జరిగినన్నాళ్లు ఆ గదిలో ఎవరూ పడుకోలేదు.

గోడకు రెండడుగుల దూరంలో అటొక వరస, ఇటొక వరస, రెండడుగులకు ఒకటి చొప్పున వరసకు ఎనిమిది ఇనుప జాకీలు. సెల్లార్‌లో పదహారు. పై అంతస్తులో కూడా పై స్లాబు కింద పదహారు, సరిగ్గా కింది జాకీల నెత్తినే. పైన ఎందుకంటే, పై స్లాబు బరువు పై గోడ గుండా కింది గోడకే వస్తోంది, దాన్ని ముందే జాకీల దారి పట్టించాలి. పై జాకీ ఒక చోట, కింది జాకీ ఒక చోట ఉంటే మధ్యలో స్లాబును పొడిచినట్టే అవుతుంది. కొలిచి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని నిలబెట్టినాం.

జాకీ నెత్తిన నేరుగా స్లాబు ఆనకూడదు. పైన అడ్డంగా లావాటి దూలం, కింద రెండంగుళాల మందం పలక. సెల్లార్‌లో నేల బండల కింద ఉండేది మన్నే, పలక లేకుంటే బండ పగిలి జాకీ దిగుతుంది. జాకీ ఎంత పైకి సాగితే అంత బలం తగ్గుతుంది. తొమ్మిది అడుగుల ఎత్తులో నేను ఒక్కో దాని మీద టన్నున్నరకు మించి లెక్కేయను. పై గది ఖాళీ చేసినాక మిగిలిన బరువు 20 టన్నులు, పదహారు జాకీలకు ఒక్కోదానికి టన్నుంబావు. అద్దెకు ఇచ్చేవాడు పిన్నులు పోగొట్టుకుని కమ్మీ ముక్కలు దూర్చి ఇస్తాడు. అవి వెనక్కు పంపించేయండి. వంగిన గొట్టాలు కూడా. గుండు వేసి నిలువు చూసుకున్నాక, జాకీలకు ఒకదానితో ఒకటి అడ్డంగా పైపులు కట్టాలి.

మర తిప్పేటప్పుడు ఉత్సాహం వద్దు. చేత్తో బిగుసుకున్నాక ఇంకొంచెం, అంతే. స్లాబును పైకి లేపడం మన పని కాదు. లేపితే పైన గోడ పగులుతుంది.

ఆ రోజే మూడు చోట్ల గాజు ముక్కలు అతికించినాం. పై గోడలో పాత సన్న పగులు ఒకటుంది, దాని మీద ఒకటి, స్లాబు గోడకు కలిసే చోట రెండు. సన్నని అద్దం ముక్కను రెండు కొసల్లో సిమెంటు ముద్దతో అంటిస్తే, గోడ ఏ కాస్త కదిలినా అద్దం పటుక్కున పగులుతుంది. సెల్లార్ గోడల మీద లెవల్ ట్యూబుతో గుర్తులు పెట్టి స్లాబు అడుగున దారం కట్టుకున్నాం. రోజూ పొద్దునే కొలిచి నోటు పుస్తకంలో రాసే పని బావది. ముప్పై ఏళ్లు టికెట్ల లెక్క రాసిన చెయ్యి, ఒక్క రోజు తప్పలేదు.

పిల్లర్లు, ఆ తర్వాత చానళ్లు

రెండు పిల్లర్లూ ఒకేసారి మొదలుపెట్టకూడదు. పునాది తవ్వితే గోడ కింద నాలుగడుగులు డొల్ల అవుతుంది, రెండు కొసలూ డొల్ల చేస్తే గోడే కూర్చుంటుంది. దక్షిణం కొస ముందు. కటింగ్ మిషన్‌తో అడుగు వెడల్పు నిలువుగా కోసి ఇటుకలు ఊడదీసి, కింద తవ్వి, ఫుటింగు పోసినాం. మూడో రోజు తొమ్మిది అంగుళాలు, పన్నెండు అంగుళాల పిల్లరు. ఆరు 12 మి.మీ. కమ్మీలు, ఆరు అంగుళాలకు ఒక రింగు, ఎం25 కాంక్రీటు. స్లాబు దాకా కాదు, చానల్ కూర్చునేకి పదమూడు అంగుళాలు వదిలి ఆపి, నెత్తిన 10 మి.మీ. ఇనుప పలక పెట్టినాం. వారం రోజులు గోనెపట్టాలు చుట్టి నీళ్లు. ఆ తర్వాతే ఉత్తరం కొస. రెండో పిల్లరుకు కూడా రెండు వారాలు నిండినాకనే చానళ్ల మాట.

మొదటి చానల్. గోడ నెత్తిన, స్లాబు కిందనే, పదమూడు అంగుళాల ఎత్తు, నాలుగున్నర అంగుళాల లోతు, పద్నాలుగు అడుగుల పొడవు కోత. గీత కటింగ్ మిషన్‌తో, తీయడం ఉలితో. పెద్ద బ్రేకర్ మిషన్ వద్దు. దాని అదురుకు పాత సున్నం అంతా వదులైపోతుంది. దుమ్ము విపరీతంగా లేస్తుంది, మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు, కళ్లద్దాలు ఇప్పించండి.

రెడ్ ఆక్సైడ్ పూసి ఆరబెట్టిన చానల్‌ను ఎనిమిది మంది ఎత్తు బల్లల మీదికి చేర్చి, అక్కడి నుంచి చిన్న జాకీలతో ఇంచీ ఇంచీ లేపి కోతలోకి తోసినాం. చానల్ నెత్తికీ స్లాబుకూ మధ్య అంగుళం సందు. అసలు పని అంతా ఆ అంగుళంలోనే ఉంది. ఆ సందు సరిగ్గా నిండకుంటే, చానల్ ఎంత బలమైనదైనా బరువు దాని మీదికి రాదు. గోడ తీసిన రోజు స్లాబు ఆ అంగుళం కిందికి దిగి అప్పుడు కూర్చుంటుంది, పై గోడ పగిలినాక. అడుగుకు ఒక జత ఇనుప వెడ్జిలు (ఒక కొస సన్నబడే ముక్కలు) ఎదురెదురుగా కొట్టి బిగించి, మిగిలిన చోట ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక, ముద్ద కడితే నిలిచేటంత తడితో మాత్రమే కలిపి, చెక్కతో కూరి కూరి నింపినాం. నీళ్లెక్కువైన సిమెంటు ఆరినాక కుంచించుకుని సందు వదులుతుంది. ఆరినా కుంచించుకోని గ్రౌటు (సందుల్లో పోసే సిమెంటు పొడి) బస్తాల్లో దొరుకుతుంది, పిల్లరు నెత్తిన పలకల కింద అదే పోసినాం. సందు నింపే రోజు నేను సైటు వదిలి ఎక్కడికీ పోను. కూలివాళ్లు అంచున నున్నగా పూసి లోపల డొల్ల వదిలేస్తారు. పుల్లతో గుచ్చి చూడాల్సిందే.

నాలుగు రోజులు ఆగి రెండో వైపు. మొదటి చానల్‌కు ముందే వేయించిన రంధ్రాల గుండా, అవతల మిగిలిన సగం గోడ గుండా డ్రిల్లు పోనిచ్చి, రెండో చానల్‌కు ఎక్కడెక్కడ తూట్లు పడాలో గుర్తులు తీసుకున్నాం. రెండూ అమిరినాక 16 మి.మీ. బోల్టులు, రెండడుగులకు ఒకటి, పైన ఒకటి కింద ఒకటి వంతున. మళ్లీ వెడ్జిలు, మళ్లీ కూరడం. ఆ తర్వాత వారం రోజులు ఎవరినీ ఆ ఛాయలకు రానీయలేదు. మేనకోడలు రోజూ ఫోను. "మామా, ఇనుము పెట్టేసినారు కదా, ఇంకెందుకు ఆలస్యం?" పెట్టింది ఇనుమే కానీ, బరువు దానికి చేర్చేది ఆ సిమెంటు. అది గట్టిపడాలి.

గోడ తీసిన రోజు గురించి రాసేకి పెద్దగా ఏమీ లేదు. పైనుంచి కిందికి, వరస వరసగా, ఇటుకలు చేత్తో అందుకుంటూ. కిందినుంచి గుద్ది కూలదోయకూడదు, పడే పెళ్ల జాకీకి తగిలితే కథ మారిపోతుంది. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి ఒంటిగంటకు అయిపోయింది. బావ చెప్పిన టైముకే.

దించేటప్పుడు

గోడ లేదు కదా అని ఆ సాయంత్రమే జాకీలు పీకేయకూడదు. ముందు పై అంతస్తువి వదలాలి. అప్పుడు పై స్లాబు బరువు పై గోడకు, అక్కడి నుంచి చానళ్లకు మెల్లగా వస్తుంది. మధ్యలో ఉన్న జాకీని పావు చుట్టు తిప్పి, దాని పక్కవాటిని పావు చుట్టు, అట్ల కొసల దాకా. మళ్లీ మధ్య నుంచి. పైన ఒక రోజంతా ఇదే పని. మరుసటి రోజు గాజు ముక్కలు చూసి, దారం కొలిచి, అప్పుడు కింద మొదలు. ఒక్కో చుట్టుకూ మధ్య గంట సేపు ఆగినాం. మేడం లెక్క ప్రకారం మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్ల దాకా దిగవచ్చు. అంతకు మించితే మర బిగించి తనకు ఫోను చేయమనింది. బావ పుస్తకంలో చివరి అంకె అయిదు.

బయటపడి ఉన్న ఇనుమును అట్లే రంగేసి వదిలేయొద్దు. కాంక్రీటు ఓర్చుకున్నంతగా ఇనుము మంటను ఓర్చుకోదు. 550, 600 డిగ్రీల వేడికి దాని బలం సగానికి పడిపోతుంది. సెల్లార్‌లో గుడ్డలు, దారాలు, ఇస్త్రీపెట్టె. అందుకే చానళ్ల చుట్టూ చికెన్ మెష్ (సన్న తీగల వల) చుట్టి, రెక్కల మధ్య బోలు కూడా నింపి, అంగుళం మందం సిమెంటు పూత పూయించినాం. చూసేకి మామూలు బీములాగే ఉంది. కింద ఎత్తు ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువ, ఫ్యాను బీముకు తగలకుండా పక్క గదుల మధ్యకు జరిపినాం.

ఖర్చు లక్షా ఎనభై వేల దాకా తేలింది. నా కూలి వేసుకోలేదు, మా అక్క అరిసెలు పెట్టింది. ఇనుము కన్నా జాకీల అద్దె, కూలీలే ఎక్కువ తిన్నాయి. ఎవరైనా మీకు ఇందులో పావు ఖర్చుకు చేస్తామంటే, ఆ పై అంతస్తు జాకీలు, పిల్లరు పునాదులు వాళ్ల లెక్కలో ఉన్నాయా అని అడగండి.

మగ్గాలు ఆరు కాదు, ఏడు పట్టినాయి. గాజు ముక్కలు మూడూ అట్లే ఉంచమన్నాను, కెనాల్‌కు నీళ్లు వదిలి ఒక వానాకాలం పోయేదాకా. మొన్న పోయి చూస్తే రెండు బాగున్నాయి. మూడోది సున్నం కొట్టేవాడు గీకేసినాడంట. కొత్తది అతికించి వచ్చినాను.